ఆరున్నొకటి

“దాన్ని మీరు నోరు తెరవనివ్వరు అత్తయ్యగారూ. అందుకే ఇలా తయారైంది.”

“నోరు తెరిస్తే ఏం చెబుతుందట? ఆరు చిలకలున్న చెట్టు మీద ఇంకోటి వాలితే అరవై ఒకటయ్యాయని చెబుతుందా?”

“అవి మీరు నేర్పిన లెక్కలే కదండి. బడి నుంచొచ్చాక నేనొచ్చేదాకా మీ దగ్గరే ఉంటుంది.”

“నా దగ్గరుంది కాబట్టే పన్నెండో ఎక్కం దాకా వచ్చింది. నీ దగ్గరుంటే ఫోన్లో బొమ్మలు చూసుకునేది.”

“ఎక్కాలొచ్చిన పిల్లనే ఒకటో తరగతిలోకి దింపేస్తామంటున్నారండి. ముందు అది చూడండి.”

మా కోడలు పరీక్ష కాగితం నా ఒళ్లో పడేసింది. కడియం దగ్గర నర్సరీలో నల్ల కవర్లలో మట్టి నింపి అప్పుడే వచ్చింది, చేతులైనా కడుక్కోలేదు. కాగితం అంచున దాని బొటనవేలి మట్టి ముద్ర పడింది. కింద టీచరు రాసిన రెండు వరుసలు నేను కూడబలుక్కుని చదివాను. పిల్లకి బట్టీ బాగా పడుతుంది, ఆలోచించి చెయ్యడం లేదు, రెండో తరగతి లెక్కలు అందుకోలేదు, రేపటి నుంచి ఒకటో తరగతిలో కూర్చోబెడతాం, సంతకం చేసి పంపండి. అంతే రాశారు.

పిల్ల అంటే నా కొడుకు కూతురు. వాడికి అదొక్కతే. వాడు మొక్కల లారీ మీద ఊళ్లు తిరుగుతుంటాడు, నెలలో పది రోజులుంటే ఎక్కువ. మా మాటలు నడుస్తుంటే మనవరాలు గోడకానుకుని మోకాళ్లు కావిలించుకుని కూర్చుంది. అది ఏడవడం లేదు. నాకు అదే ఇంకా కోపం తెప్పించింది. ఇంత జరిగితే కన్నీటి చుక్కయినా రాదేమిటి అనుకున్నాను.

నేను చదివింది మూడో తరగతి సగం వరకే. నాట్ల రోజుల్లో మానిపించారు, మళ్లీ పంపలేదు. ఆ రెండున్నరేళ్లలో మాకెవరూ దేన్నీ ఎందుకని చెప్పలేదు, మేమూ అడగలేదు. ఎక్కాలు పాడేవాళ్లం, తప్పితే చింతబరికె తగిలేది. అలా వచ్చిన ఎక్కాలు ఈ రోజుకీ పోలేదు. అర్ధరాత్రి లేపి అడిగినా పన్నెండు పదకొండ్లు ఎంతో చెబుతాను. లెక్కలంటే అంతేనని నా నమ్మకం. మనవరాలికీ అలాగే నేర్పాను. పాత క్యాలెండరు కాగితాల వెనక వైపు రాయించేదాన్ని. రబ్బరు ఇవ్వలేదు, చెరిపితే కాగితం పలచబడి చిరుగుతుంది. అనుకుని రాస్తే చెరిపే పనే ఉండదని చెప్పేదాన్ని.

దానికి ప్రశ్నలు ఎక్కువ. ఎందుకు మామ్మా, ఎప్పుడూ అంతేనా మామ్మా, మరి అలా కాకపోతే మామ్మా అంటూ పని చేసుకోనిచ్చేది కాదు. ఒక ఆదివారం దాని చేత నూకలు కొలిపించాను. తవ్వతో మూడు కొలిచి చేటలో పోసింది. అవే సోలతో ఎన్ని వస్తాయో కొలిచి చెప్పమన్నాను. అది సోల ముట్టుకోలేదు.

“ఆరు” అంది.

“కొలవకుండా ఆరంటావేంటే?”

“తవ్వకి రెండు సోలలు పడతాయి కదా మామ్మా. మళ్లీ కొలవడం ఎందుకు?”

ఒళ్లు వంచడం ఇష్టం లేక కబుర్లు చెబుతోందనుకున్నాను. కూర్చోబెట్టి ఆ నూకలన్నీ సోలతో కొలిపించాను. ఆరే వచ్చాయి. “చూశావా, కొలిస్తేనే కదా తెలిసింది” అన్నాను. అది నా ముఖంకేసి చూసి, సోల తీసుకెళ్లి గూట్లో పెట్టింది. పెద్దదాన్ని, దానికి బద్ధకం వదిలించానని ఆ పూట సంతోషపడ్డాను కూడా.

ఇప్పుడు ఆ కాగితం చేతిలో పెట్టుకుని చూస్తే నాకేమీ అర్థం కాలేదు. పైన ఒకటి నుంచి వంద వరకు అంకెలు వేయమన్నారు. ఒక్క తప్పు లేదు. ఎక్కాలకి అన్నిటికీ రైటు పడింది. ఆ కింద పది లెక్కలున్నాయి. అవి టీచరు తెలుగులో చదివి వినిపిస్తే పిల్లలు జవాబు రాయాలి. వాటిలో ఐదు తప్పు. ఆరు చిలకలూ ఒక చిలకా అరవై ఒకటని రాసింది. పది అరటిపళ్లలో మూడు తింటే మిగిలినవి అరవై ఒకటట. వారానికి రోజులు అరవై ఒకటట. ఒకచోటైతే ఒకటీ సున్నా ఆరూ ఒకటీ పక్కపక్కన వేసింది. దాని పక్కన టీచరు ఎర్రసిరాతో రెండు ప్రశ్న గుర్తులు పెట్టారు.

“పది పళ్లలో మూడు తింటే అరవై మిగులుతాయా అత్తయ్యగారూ? తిన్నకొద్దీ పెరుగుతాయా?” అంది కోడలు. “నోటితో అడిగితే అసలు పలకదంట. మూగదానిలా నిలబడుతుందంట. పోయిన నెల తల్లిదండ్రుల మీటింగులో అందరి ముందూ చెప్పారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.”

“నీ తల సంగతి సరేలే. ఏమే, చేతికొచ్చింది రాస్తావా? ఏంటీ అరవై ఒకటి?”

మనవరాలు అప్పుడు నోరు విప్పింది. చాలా మెల్లిగా అంది.

“అది అరవై ఒకటి కాదు మామ్మా.”

“మరేంటి?”

“ఆరున్నొకటి.”

కోడలికి అర్థం కాలేదు. దాని పుట్టింటి వాళ్లు రాజమండ్రిలో ఉంటారు, బియ్యం కిలోల్లో కొనుక్కుంటారు. నాకు మాత్రం వెంటనే అర్థమైంది.

మా వైపు గింజలు కొలిచేటప్పుడు మొదటి కొలతని ఒకటి అనరు, లాభం అంటారు. తర్వాత రెండు, మూడు అంటూ వెళ్లి, ఆరు కాగానే ఆరున్నొకటి అంటారు. ఏడు అంటే ఏడుపు. పంట ముందు కూర్చుని ఏడు అనకూడదని మా అమ్మ నాకు చెప్పింది, మా అమ్మకి వాళ్లమ్మ చెప్పింది. ఇప్పుడు ధాన్యం కళ్లంలోనే కాటా మీదికి పోతోంది. కుంచాలు అటక మీదున్నాయి. అయినా ఇంటికొచ్చిన బియ్యం డ్రమ్ములో పోసేటప్పుడు నేను తవ్వతో అలాగే కొలుస్తాను. మా ఆయన పోయిన సంవత్సరం కొత్త బియ్యం కొలుస్తుంటే, ఎవరో పిలిస్తే పరధ్యానంలో ఆ మాట నా నోట్లోంచి జారింది. ఆయన పోవడానికి అదే కారణమని నేననను. కాదని కూడా ఇన్నేళ్లలో నాకు నేను చెప్పుకోలేకపోయాను.

పోయిన వేసవిలో బియ్యం కొలుస్తుంటే మనవరాలు పక్కన కూర్చుని నాతో పాటు లెక్కపెట్టింది. దానికి అదొక ఆట. ఆరు కాగానే నాకంటే ముందుగా, గట్టిగా, ఏడు అంది. మునివేళ్లతో దాని నోటి మీద ఒక్కటి వేశాను. పెదవి పంటికి తగిలి రక్తం వచ్చింది. రెండు చుక్కలు గింజల మీద కూడా పడ్డాయి. ఆ గింజలు ఏరి పారేశాను.

“ఎందుకు కొట్టావు మామ్మా?”

“ఆ మాట అనకూడదు. ఏడుపొస్తుంది.”

“ఎప్పుడూనా?”

“ఎదురు ప్రశ్న వెయ్యకు. ఆరున్నొకటి అను.”

అంది. ఆ తర్వాత నేను ఆ సంగతే మర్చిపోయాను. అది మర్చిపోలేదు.

చింతగింజల డబ్బా తెచ్చి దాని ముందు పోశాను. కోడలు చూస్తూ ఉంది. పది గింజలు పెట్టి మూడు తియ్యమన్నాను. తీసి, మిగిలినవి ఒక్కొక్కటే పక్కకి జరిపి, ఆరున్నొకటి అంది. నాలుగు పెట్టి ఇంకో మూడు కలపమన్నాను. ఈసారి జరపకుండానే చెప్పింది, అదే మాట. కాగితంలో ఆ నాలుగు అంకెలు వేసిన లెక్కేదో చూశాను. పది మీద ఏడు రావాలి. పదీ ఆరున్నొకటీ అని రాసింది. ఐదు తప్పుల్లో ఒక్కటీ తప్పు కాదు.

“మరి పైన వంద దాకా వేసినచోట, ఎక్కాల దగ్గరా ఆ అంకె సరిగ్గానే వేశావు కదే” అన్నాను.

“అవి బడిలో ఇంగ్లీషులో మామ్మా, నీ దగ్గర రాయడమే కదా. సెవెన్ అనొచ్చు. సెవెన్‌కి ఏడుపు రాదు.”

“మరి కింద?”

“కింద లెక్కలు టీచరుగారు తెలుగులో చెప్పారు. ఆ అంకె వేస్తే పైకి చదవమంటారు. చదివితే ఆ మాట అనాలి. అందుకని ఆరు వేసి, ఒకటి వేశాను. కలిపి చదువుకుంటారనుకున్నాను.”

ఆ పిల్లకి ఏడేళ్లు. పుట్టినరోజు అయినప్పటి నుంచి వయసెంతని ఎవరడిగినా వేళ్లు చూపించడమే గాని నోటితో చెప్పేది కాదు. సిగ్గనుకుని నలుగురిలో దెప్పాను కూడా.

నేను చెప్పిన మాట ఇంత దూరం వెళ్లిందని నాకు తెలియదు. నేను గింజల దగ్గర అనకూడదన్నాను. అది గింజలు లెక్కే కదా అనుకుంది, చిలకలూ లెక్కే, రోజులూ లెక్కే అనుకుంది. ఒక చోట తప్పైంది ఇంకో చోట ఒప్పెలా అవుతుందని దానికది తేల్చుకుంది. ఎక్కడిదాకా అని నన్ను అడిగింది కూడా. హద్దు చెప్పాల్సినదాన్ని నేను. నేను నోరు మూయించాను. నేను బట్టీ పట్టించినవన్నీ దానికి మార్కులు తెచ్చాయి. అది సొంతంగా ఆలోచించి రాసినవాటిని చూసి ఆలోచన లేదన్నారు.

కోడలు అక్కడే కింద కూర్చుండిపోయింది. గొంతు పెంచలేదు.

“నోటి మీద కొట్టారా?”

“కొట్టాను.”

“పెదవి చిట్లిందని చెప్పారే, గడప తగిలి పడిందని.”

“చెప్పాను.”

“ఏడుకొండలవాడా అని రోజుకి పదిసార్లు అంటారు కదండి. అప్పుడు గుర్తురాదా ఏడుపు?”

“కొలత దగ్గరే అనకూడదు. మిగతాచోట్ల దోషం లేదు.”

“ఆ ముక్క దానికి చెప్పారా?”

నేను డబ్బా మూత కోసం వెతికాను.

“దీనికి బుర్ర లేదనుకున్నానండి ఇన్నాళ్లూ” అంది కోడలు. “పోయిన నెల పరీక్షకి నేనూ వీపు మీద రెండేశాను. మీరొకందుకు, నేనొకందుకు.”

పిల్ల చింతగింజలు ఏరి డబ్బాలో వేస్తోంది. ఒక్కటి కూడా కింద వదల్లేదు. నేను నేర్పిన పొదుపు అది.

“రేపు నేనెళ్లి టీచరుగారితో చెబుతాను” అన్నాను.

“మీరే చెప్పాలి. నాకు లోడింగుంది, ఆరింటికల్లా తోటలో ఉండాలి.” చేతులు కడుక్కొచ్చి కాగితం మీద సంతకం పెట్టింది.

“చెబుతానంటుంటే సంతకం ఎందుకు పెట్టావు?”

“లేకపోతే పిల్లని గేటు దగ్గరే ఆపేస్తారండి. మీరు చెప్పి ఒప్పిస్తే వాళ్లే చింపేస్తారు.”

అన్నాలు తిన్నాక మనవరాల్ని దగ్గర కూర్చోబెట్టుకున్నాను. ఇలాంటివి చెప్పడం నాకు అలవాటు లేదు. పిల్లల దగ్గర తప్పు ఒప్పుకుంటే నెత్తికెక్కుతారని మా కాలంలో అనేవారు. “ఇక నుంచి ఆ మాట అనొచ్చు” అన్నాను.

“ఏ మాట?”

“అదే. ఆరు తర్వాతది.”

నేనే పలకలేదని అది గమనించింది. నాకు తర్వాత తట్టింది.

“బియ్యం దగ్గర అనొచ్చా?”

“బియ్యం దగ్గర వద్దు. బడిలో అను.”

“బడిలో బియ్యం లెక్కలు ఇస్తే?”

“అను.”

“నువ్వు అక్కడుంటే?”

“నేనెందుకుంటానే బడిలో.”

“రేపు వస్తానన్నావుగా. నువ్వున్నప్పుడు అంటే మళ్లీ కొడతావా, కొట్టవా? వేసవిలో కూడా నువ్వు లెక్కపెట్టమంటేనే లెక్కపెట్టాను.”

కోడలి చేత మాట పడ్డాను. ఏ ముఖంతో ఆ టీచరు ముందు నిలబడాలా అని ఆలోచిస్తున్నాను. “చెప్పింది విను, ఎదురు ప్రశ్నలు వెయ్యకు” అన్నాను. అది సరేనంది. చాప తెచ్చుకుని వాళ్లమ్మ పక్కన పడుకుంది.

తెల్లారి పిల్లకి జడలేసి, నేను గంజి పెట్టిన చీర కట్టుకుని, కాలవ గట్టు మీదుగా బడికి నడిపించుకెళ్లాను. ఆటో అక్కర్లేదు, మైలు లోపే. దారిలో పిల్ల ఏమీ అడగలేదు.

టీచరు చిన్నపిల్ల, పాతికేళ్లుంటాయేమో. మర్యాదగా కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు. లాభం, ఆరున్నొకటి అన్నీ చెప్పాను. కొట్టిన సంగతి చెప్పలేదు. ఆమె ఆశ్చర్యపోయింది, కాగితం తీసి ఒక్కొక్క లెక్కా మళ్లీ చూసింది.

“నిజమే మామ్మగారూ. అలా చూస్తే అన్నీ కరెక్టే. మా తాతయ్యగారు కూడా లాభం అనేవారండి, నాకు తట్టనే లేదు” అంది. “అయితే ఒక్కసారి నా ముందు చెప్పించండి. నేను హెడ్‌సారుకి చెప్పాలి కదండి. కింది తరగతికి పంపేవాళ్ల లిస్టు ఆయన దగ్గరుంది.”

ఒక చేతిలో ఆరు పెన్సిళ్లు, ఇంకో చేతిలో ఒకటి పట్టుకుని పిల్ల ముందు వంగింది. “ఇవన్నీ కలిపితే ఎన్నమ్మా? తెలుగులో చెప్పు.”

మనవరాలు పెన్సిళ్లు చూడలేదు. నన్ను చూసింది.

“చెప్పవే” అన్నాను. “నేనే చెప్పమంటున్నాను కదా.”

అది పెదవులు బిగించింది. అప్పుడైనా ఆ మాట నేను ముందు అనాల్సింది. నా నోటితో నేను అని ఉంటే అదీ అనేది. అరవై దాటిన నోరు, అంత సులువుగా తిరగలేదు. దాని బదులు తల నిమరబోయాను. నా చెయ్యి పైకి లేవగానే అది రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

టీచరు అది చూసింది. పెన్సిళ్లు బల్ల మీద పెట్టింది.

“నేను బయట నిలబడతాను, అప్పుడు అడగండమ్మా” అన్నాను.

ఇంతలో బెల్లు కొట్టారు. పిల్లలందరూ ప్రార్థనకి వరుసల్లోకి పోతున్నారు. “ఇప్పుడు కుదరదు మామ్మగారూ. ఎలాగూ అమ్మగారు సంతకం పెట్టేశారు. ప్రస్తుతానికి అక్కడ కూర్చోనివ్వండి. మళ్లీ పరీక్షప్పుడు చూద్దాం” అని కాగితం తీసుకుంది.

ప్రార్థన అయ్యాక ఆయా వచ్చి మనవరాలి సంచి తీసుకుని ఒకటో తరగతి గదిలోకి నడిపించుకెళ్లింది. అక్కడి పిల్లలందరికంటే మాది పొడుగు, అందుకని వెనక వరుసలో చివర కూర్చోబెట్టారు. కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. వాచ్‌మన్ వచ్చి గేటు వేసేయాలండి అన్నాడు. ఇంటికి వచ్చేశాను.